నర్సరీ మేళాలో ఎవరిని ఏమి అడగాలి

హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళా పెడుతున్నారని తెలియగానే మా మిద్దె తోట మిత్రుల మధ్య హడావుడి మొదలవుతుంది. ఎవరి కారులో వెళ్దాం, డిక్కీలో ఎన్ని కుండీలు పడతాయి, వాటర్ ఆపిల్ అంటు ఈసారైనా దొరుకుతుందా, గ్రో బ్యాగులు ఏ వరుసలో చవక? చలికాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి ఇదే తంతు. అందరి దగ్గరా జాబితాలు ఉంటాయి. వాటి నిండా కొనాల్సినవే తప్ప అడగాల్సినది ఒక్కటీ ఉండదు. నా పేచీ అక్కడే.

మొక్కలకేం, వీధి చివర నర్సరీలోనూ దొరుకుతాయి. ఫోనులో నాలుగుసార్లు నొక్కితే అట్టపెట్టెలో ఇంటికీ వస్తాయి. కడియం నుంచి వచ్చిన పెంపకందారు, పుణె గులాబీల వాళ్లు, కలకత్తా నుంచి సరుకు దించినవాళ్లు, విత్తన సంస్థల వాళ్లు, ఉద్యాన కళాశాల పిల్లలు, డ్రిప్ పైపులు బిగించేవాళ్లు అందరూ ఒకే మైదానంలో చేతికందే దూరంలో ఉండటం మాత్రం మేళాలోనే కుదురుతుంది. అంతమంది అనుభవాన్ని పక్కన పెట్టి, మనం వీధి చివర దొరికే మనీప్లాంటే అక్కడి నుంచి కూడా మోసుకొస్తాం.

అడగడం మొదలుపెట్టాక ఒక చిక్కు కనిపిస్తుంది. మేళాలో సలహా చెప్పే నోరు, సరుకు అమ్మే నోరు చాలాచోట్ల ఒకటే. వాళ్లు అబద్ధాలకోరులని నా ఉద్దేశం కాదు. స్టాలు అద్దె కట్టి, లారీ కిరాయి పెట్టుకుని వచ్చిన మనిషి ఇచ్చే ప్రతి సలహా చివర ఏదో ఒక సరుకు ఉండటం సహజం. దాన్ని గుర్తుపెట్టుకుని అడగడం మన పని.

మందుల స్టాళ్ల వరుసలో చూసిన సంగతి ఒకటి చెబుతాను. ఒక పెద్దాయన చిన్న పాలిథిన్ కవరులో నాలుగు నిమ్మ ఆకులు పట్టుకొచ్చారు. ఆకులు పసుపు తిరిగాయి. కౌంటరులోని కుర్రాడు కవరు విప్పకుండానే, బయటి నుంచే చూసి, "పోషకాల లోపం సార్, ఇది లీటరుకు అయిదు మిల్లీలీటర్లు కలిపి కొట్టండి" అని ఆకుపచ్చ సీసా ముందుకు జరిపాడు. పెద్దాయన డబ్బులు తీస్తుంటే ఉండబట్టలేక, వాటిని ఒకసారి ఉద్యాన కళాశాల వాళ్ల స్టాల్లో చూపించండి అన్నాను. కుర్రాడు నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయదగినది కాదు.

కళాశాల స్టాల్లో జనం లేరు. అక్కడ అమ్మేది ఏమీ లేదు మరి. నాలుగు పోస్టర్లు, గాజు సీసాల్లో పురుగుల నమూనాలు, కుర్చీలో ఒక విద్యార్థి. అతను ఆకులను కవరులోంచి తీసి బల్ల మీద వరుసగా పరిచాడు. మొదటి ప్రశ్న: "ఇవి కొమ్మ చివరి లేత ఆకులా సార్, కింది ముదురు ఆకులా?" చివరివి అన్నారాయన. "ఈనెలు పచ్చగానే ఉన్నాయి, మధ్య భాగమే పసుపు అయింది, చూడండి" అని ఆకును వెలుతురుకు ఎత్తి పట్టాడు. రెండో ప్రశ్న: "మీవి బోరు నీళ్లా, మంజీరా నీళ్లా?" బోరే. "బకెట్‌కు తెల్లని పొర కడుతుందా?" కడుతుంది.

ఆ మూడు ప్రశ్నల వెనుక చాలా శాస్త్రం ఉంది. నత్రజని, మెగ్నీషియం లాంటివి మొక్కలో కదిలే పోషకాలు. అవి తగ్గితే మొక్క ముదురు ఆకుల్లోంచి లాగి లేత ఆకులకు పంపుకుంటుంది, అందుకే పసుపు కింది నుంచి మొదలవుతుంది. ఇనుము అలా కదలదు. దాని లోటు ముందు లేత ఆకుల్లో కనిపిస్తుంది, ఈనెలు పచ్చగా మిగులుతాయి. ఇక సున్నం ఎక్కువగా ఉన్న కఠినమైన బోరు నీళ్లు నెలల తరబడి పోస్తే కుండీ మట్టి క్షారగుణానికి మళ్లుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. అలాంటి కుండీలో ఎంత ఎరువు వేసినా చేటే. వాన నీళ్లు పట్టి పోయడం, మట్టిలో బాగా మాగిన కంపోస్టు కలపడం, అవసరమైతే చీలేటెడ్ ఇనుమును, అంటే మొక్క సులువుగా తీసుకోగల రూపంలోని ఇనుమును, కొద్దిగా ఆకుల మీద పిచికారీ చేయడం అతను చెప్పిన మార్గాలు. పెద్దాయన టికెట్టు వెనక రాసుకున్నారు. ఆ సీసాలో ఇనుము ఉందో లేదో నాకు తెలియదు, ఉండే ఉండవచ్చు. ఆకును చూడకముందే సీసా జరిపాడన్నదే నా అభ్యంతరం.

అలాగని అమ్మేవాళ్ల దగ్గర నేర్చుకోవడానికేమీ లేదనుకుంటే పొరపాటే. నా మటుకు అన్నింటికంటే ఎక్కువ నేర్పింది కడియం నుంచి వచ్చిన పెంపకందారులు. కాకపోతే వాళ్లకు తెలిసిన సంగతులే అడగాలి. "మా ఇంట్లో ఇది బతుకుతుందా?" అంటే ఏం చెబుతారు పాపం? మీ ఇల్లు తూర్పు ముఖమో పడమర ముఖమో, ఎదురుగా అపార్టుమెంటు గోడ ఉందో లేదో వాళ్లకెలా తెలుస్తుంది? బతుకుతుందనే అంటారు. దాన్ని సలహా అనలేం, మర్యాదగా ఇచ్చిన జవాబు అంతే. ఆ మొక్క తన దగ్గర ఎలా పెరిగిందో అడగండి, మనిషి తీరే మారిపోతుంది.

కాయలతో వేలాడుతున్న మామిడి మొక్క ముందు ఎప్పుడూ గుంపు ఉంటుంది. మూడడుగుల మొక్కకు నాలుగు కాయలు చూస్తే ఎవరికైనా చెయ్యి జేబులోకి పోతుంది. అక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఏమండీ, దీన్ని మొదటి నుంచీ కవరులోనే పెంచారా, నేల నుంచి తీసి కవరులో పెట్టారా? పెట్టి ఎన్నాళ్లయింది?" నేలలో కొన్నేళ్లు పెరిగిన చెట్టును తవ్వి తీసేటప్పుడు వేర్లలో చాలా భాగం తెగిపోతుంది. కాయలు మాత్రం పాత బలంతో వేలాడుతుంటాయి. కొత్త వేర్లు పట్టకముందే కొని ఎండ మిద్దె మీద పెడితే ముందు కాయలు, తర్వాత ఆకులు రాలతాయి. ఒక స్టాల్లో ఈ ప్రశ్న వేసినప్పుడు కుర్చీలో కూర్చున్న నడివయసు రైతు లేచి వచ్చి, వేరే మొక్క కవరు అడుగు చీలిక దగ్గర వేలు పెట్టి చూపించారు. "ఇక్కడ తెల్లవేరు బయటికి వచ్చింది చూశారా అమ్మా, ఇది పట్టిన మొక్క. ఆ కాయలదాని కంటే ఇది తీసుకోండి" అన్నారు. కాయలు లేని ఆ మొక్క ధర తక్కువ. తన సరుకులో ఖరీదైనదాన్ని తానే పక్కన పెట్టారాయన.

మట్టి ముద్ద సంగతి కూడా ఆయన దగ్గరే స్పష్టంగా విన్నాను. కడియం చుట్టుపక్కల నర్సరీలు గోదావరి ఒండ్రు మీద నిలబడ్డవి. కడియపులంక, బుర్రిలంక అనే ఊళ్ల పేర్లలోనే లంక ఉంది. ఆ జిగట మట్టి నీటిని పట్టి ఉంచుతుంది, దూరప్రయాణంలో వేరును కదలనివ్వదు. నర్సరీకి అది వరం. మనం ఇంటికి తెచ్చి ఏం చేస్తాం? వీడియోలో చెప్పినట్టు కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీకంపోస్టు, పెర్లైటు అనే తేలికైన తెల్ల గుళికలు కలిపిన తేలికపాటి మిశ్రమంలో ఆ ముద్దను యథాతథంగా దింపుతాం. ముద్ద ఒకసారి గట్టిగా ఎండిందంటే పోసిన నీళ్లు దాని చుట్టూ ఉన్న పొట్టులోంచి జారి కింది కన్నంలోంచి పోతాయి. పైన చూస్తే తడి, వేరు దగ్గర పొడి. మొక్క వాడితే ఇంకా నీళ్లు పోస్తాం, అప్పుడు పొట్టు చిత్తడిగా మారి కొత్తగా బయటికి వచ్చే వేర్లు కుళ్లుతాయి. "మా మట్టిలో పెరిగినదానికి మా మట్టే కొంచెం పెట్టాలమ్మా" అన్నారాయన. కుండీ మిశ్రమంలో మూడో వంతయినా తోట మట్టి ఉండాలని, నాటేముందు ముద్దను బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి, పై అంచులను వేళ్లతో మెల్లగా వదులు చేయాలని చెప్పారు. మేళాలో కొన్న మొక్కలు నెల తిరగకుండా పోయాయని వాపోయేవాళ్లలో సగం మంది కథ ఈ ముద్దేనని నా అనుమానం.

గులాబీల దగ్గర అంటు కట్టిన చోటు ఎక్కడుందో వేలితో చూపించమనండి. ఆ బుడిపె కింది నుంచి వచ్చే చిగురు అడవి గులాబీదే, దాన్ని ఉంచితే ఏడాదిలో పై రకాన్ని మింగేస్తుంది. విత్తనాల దగ్గర అది హైబ్రిడా, సూటి రకమా అని అడగండి. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క రక్షక్ టమాటా ఆకుముడత వైరస్‌ను, బ్యాక్టీరియా వాడు తెగులును, ఎర్లీ బ్లైట్ అనే ఆకుమాడు తెగులును తట్టుకునే రకం. కానీ హైబ్రిడ్ కనుక దాని గింజలు దాచి వేస్తే అదే మొక్క రాదు. అదే సంస్థ ఇచ్చిన అర్క వికాస్ సూటి రకం, దాని గింజలు దాచుకోవచ్చు. ఇవి చిన్న ప్రశ్నలే, అయితే స్టాల్లో ఉన్నది పెంచిన మనిషో, రోజు కూలీకి నిలబడ్డ కుర్రాడో రెండు జవాబుల్లో తేలిపోతుంది. కుర్రాడి తప్పేమీ లేదు, యజమాని ఎప్పుడు వస్తారో కనుక్కుని మళ్లీ వెళ్లండి.

ఇక ప్రేరణ. మేళాకు వెళ్తే ఉత్సాహం వస్తుందంటారు, వస్తుంది. ఒకేచోట అన్ని పూలు చూశాక మన మిద్దె మీది తులసి కోట కూడా బోసిగా కనిపిస్తుంది. ఆ ఉత్సాహం దేన్ని చూసి వచ్చిందన్నదే నా సందేహం. ప్రదర్శనలో మొక్క తన జీవితంలోని అత్యుత్తమ వారంలో ఉంటుంది, లేదా ఆ వారానికి తయారు చేసి తెచ్చి ఉంటారు. లండన్‌లో 1913 నుంచి రాయల్ హాస్పిటల్ ప్రాంగణంలో జరుగుతున్న చెల్సీ ఫ్లవర్ షోలో ఈ విద్య పరాకాష్ఠకు చేరింది. కొన్ని వారాల్లో తోటను నిలబెడతారు. మే నెలలో ఆ కొద్ది రోజులకు పూయాల్సిన మొక్కల్లో తొందరపడేవాటిని చల్లని గదుల్లో ఆపుతారు, వెనకబడినవాటిని వెచ్చని గాజు ఇళ్లలో తోస్తారు. ప్రదర్శన కాగానే అంతా విప్పేస్తారు. అది తోట రూపంలో వేసిన రంగస్థలం. అక్కడికి వెళ్లేవాళ్లకు ఆ సంగతి తెలుసు.

మన మేళాలో ఎర్రగా మండిపోతున్న పాయిన్‌సెట్టియా కొనేవాళ్లకు ఎవరూ ఆ సంగతి చెప్పరు. ఆ ఎరుపు పువ్వు కాదు, ఆకుల రంగు. అది రావాలంటే కొన్ని వారాల పాటు రోజూ 12 గంటలకు మించి ఎడతెగని చీకటి కావాలి. బాల్కనీ ఎదురుగా వీధిదీపం ఉంటే వచ్చే ఏడాది అది పచ్చని పొదగానే మిగిలిపోతుంది, మీ పెంపకంలో లోపం ఏమీ ఉండదు. చామంతి లెక్కా ఇంచుమించు అదే. పైగా గుండ్రంగా, పొట్టిగా, బంతిలా కనిపించే కుండీ చామంతులకు చాలాసార్లు ఎదుగుదలను ఆపే ప్యాక్లోబ్యూట్రజాల్ లాంటి మందు పడి ఉంటుంది. దాని ప్రభావం తగ్గాక మొక్క తన అసలు ఎత్తుకు సాగుతుంది. కొనవద్దని నేననను. ఒక పండగకు ఇంటి నిండా రంగు కావాలనుకుంటే హాయిగా కొనుక్కోవచ్చు, పూలదండ కొనడం లేదా? దాన్ని చూసి తోట ఎలా ఉండాలో ఊహించుకుంటేనే ఇబ్బంది.

"ఆక్సిజన్ మొక్కలు" అంటూ ఇంటి గాలిని శుభ్రం చేస్తాయని చెప్పే బోర్డులు మాత్రం నాకు కోపమే తెప్పిస్తాయి. 1989లో నాసా అధ్యయనం ఒకటి మూసి ఉంచిన చిన్న పెట్టెల లాంటి గదుల్లో మొక్కలు పెట్టి, గాలిలోని కొన్ని రసాయనాలు తగ్గాయని చూపింది. ఆ ఒక్క మాట పట్టుకుని అప్పటి నుంచి ప్రపంచమంతా స్నేక్ ప్లాంట్లు అమ్ముతోంది. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్కగట్టారు. మామూలు భవనంలో గాలి మార్పిడి చేసే పనికి సాటి రావాలంటే చదరపు మీటరు నేలకు 10 నుంచి 1000 మొక్కల దాకా కావాలని తేలింది. పడకగదిలో అన్ని మొక్కలు పెడితే మనం వరండాలో పడుకోవాలి. కిటికీ తీయడం చవక.

ఆపిల్ మొక్కల దగ్గర నిజం ఇంత సూటిగా ఉండదు. మామూలు ఆపిల్ రకాలకు పూత రావాలంటే శీతాకాలంలో ఏడు డిగ్రీల సెల్సియస్ లోపు చలి వందల గంటలు, కొన్నింటికి వెయ్యి గంటల దాకా కావాలి. హైదరాబాద్‌లో అది కల. అయితే హిమాచల్ ప్రదేశ్ బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ తక్కువ చలికే కాసే హెచ్‌ఆర్‌ఎంఎన్-99 రకాన్ని వెలికితీశారు, అది దేశమంతా పాకింది. ఆసిఫాబాద్ జిల్లా ధనోరాలో ఒక రైతు ఆపిల్ పండించి 2020లో తొలి పండ్లను ముఖ్యమంత్రికి అందించారు కూడా. కాబట్టి "ఇక్కడ ఆపిల్ కాయదు" అని కొట్టిపారేయలేం. కానీ ఆసిఫాబాద్ తెలంగాణలో చలికి పేరుపడ్డ జిల్లా, ధనోరాలోది నేలలో వేసిన తోట. మేళా స్టాల్లో ఆ వార్త కత్తిరింపు అంటించి, పద్దెనిమిది అంగుళాల కుండీలో కూకట్‌పల్లి మిద్దె మీద కాస్తుందంటే, ఆ రెండింటి మధ్య దూరం ఎంతో అమ్మేవాళ్లు చెప్పరు. "మీరు అమ్మిన మొక్క ఈ ఊళ్లో ఎవరి మిద్దె మీద కాసింది? ఫోటో ఉందా?" అని అడగండి. నేను అడిగాను. నవ్వారు, ఫోటో మాత్రం రాలేదు.

మా వదినకు నా ఈ ధోరణి గిట్టదు. "నువ్వు మేళాకు వస్తావా, విచారణకు వస్తావా? చీర నచ్చితే కొంటాం గానీ మగ్గం ఎవరిదని అడుగుతామా?" అంటుంది. పోచంపల్లిలో అడుగుతాం వదినా, అని నా జవాబు. కానీ ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. వారమంతా ఆఫీసు, ఇల్లు అంటూ తిరిగిన మనిషి ఆదివారం పూట హుస్సేన్‌సాగర్ గాలికి పూల మధ్య నడిచి, నచ్చిన మొక్క ఒకటి చంకన పెట్టుకుని, మిరపకాయ బజ్జీ తిని ఇంటికి పోవడంలో తప్పేముంది? ఏమీ లేదు. ఆ ఒక్క మొక్కతో ఆగితే నేనూ మాట్లాడను. ఫిబ్రవరిలో డిక్కీ నిండా కొని, మొక్క కుదురుకునేలోపే మార్చి ఎండలు మీద పడితే, ఏప్రిల్‌లో ఖాళీ కుండీలను మెట్ల కింద పేర్చి, "నా చేతికి మొక్కలు అచ్చిరావు" అని శాశ్వతంగా మానేసిన వాళ్లను చాలామందిని చూశాను. అదే కొనుగోలు వానాకాలం మేళాలో చేస్తే మొక్కకు ఎండాకాలం లోపు ఆరు నెలలు దొరుకుతాయి. చలికాలం మేళాను చూడటానికి, అడగడానికి, కూరగాయ విత్తనాలకు ఉంచుకోవచ్చు. ఈ పాటి మాట చెప్పేవాళ్లు గేటు దగ్గర ఒక్కరుంటే ఎంత బాగుండేది.

నిజానికి నిర్వాహకులతో నా తగువు ఇదే. టికెట్టు పెట్టి జనాన్ని రప్పిస్తున్నారు, స్టాళ్లకు అద్దె తీసుకుంటున్నారు. అంత మైదానంలో ఏమీ అమ్మని బల్ల ఒకటి వేయలేరా? బ్రిటన్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ ప్రదర్శనలకు వెళ్లినవాళ్లు ఆ సంస్థ నిపుణులను ఉచితంగా సలహా అడగవచ్చు. అమెరికాలో దారి వేరు. వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్, టకోమా ప్రాంతాల్లో ఇంటి తోటల వాళ్ల ప్రశ్నలకు విశ్వవిద్యాలయ విస్తరణ విభాగం జవాబు చెప్పలేక అలసిపోయి, 1970ల మొదట్లో మాస్టర్ గార్డెనర్ అనే ఏర్పాటు చేసింది. ఆసక్తి ఉన్న మామూలు మనుషులకు శిక్షణ ఇస్తారు. బదులుగా వాళ్లు కొన్ని గంటలు ప్రజలకు ఉచితంగా సలహా చెప్పాలి. ఆ పద్ధతి దేశమంతా వ్యాపించింది.

మనకు కావాల్సిన మనుషులు లేరా? తెలంగాణలో ములుగు ఉద్యాన విశ్వవిద్యాలయం, ఆంధ్రలో వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నాయి. వాటి విద్యార్థులకు పొలం అనుభవం ఎంత అవసరమో, పిండినల్లి పట్టిన మందారాన్ని కవరులో పెట్టుకొచ్చిన గృహిణితో మాట్లాడటమూ అంతే అవసరం. పదిహేను ఇరవై ఏళ్లుగా మిద్దె మీద కాయగూరలు పండిస్తున్నవాళ్లు ఈ నగరంలో ఎందరో ఉన్నారు. జనవరిలో టమాటాకు ఏమొస్తుందో, మే నెలలో షేడ్ నెట్ ఎంత శాతం వేయాలో వాళ్లకు నోటి మీద ఉంటుంది. ఒక విద్యార్థి, ఒక పాత మిద్దె తోట మనిషి పక్కపక్కన కూర్చుంటే చాలు. బల్ల మీద భూతద్దం, నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) చూసే కాగితాలు, తెల్ల కాగితం ఉంటే సరిపోతుంది. కొమ్మను ఆ కాగితం మీద విదిలిస్తే ఎర్రనల్లి చుక్కల్లా కదులుతూ కనిపిస్తుంది. సీసాలు, ప్రచార కరపత్రాలు ఆ బల్ల మీదికి రాకూడదన్నది ఒక్కటే షరతు. స్టాళ్ల వాళ్లకూ ఇది నష్టం కాదు. బతికిన మొక్క ఉన్నవాళ్లే వచ్చే మేళాకు మళ్లీ వస్తారు.

వచ్చే వానాకాలం మేళాకు మా బృందంలో కొందరం వంతులవారీగా అలా కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నామని నిర్వాహకులకు ఉత్తరం రాశాం. అడిగింది గేటు లోపల నీడ ఉన్న మూల ఒకటి, ఒక బల్ల. కుర్చీలు మేమే తెచ్చుకుంటాం.